ఎగిరే సైకిలు

మామయ్య విజ్ఞాన కబుర్లు

పిల్లలూ!

ఈ నెల మిమ్మల్ని గోదావరిఖని తీసుకుపోతాను. పెద్దపల్లి జిల్లాలో, గోదావరి ఒడ్డున, సింగరేణి బొగ్గుగనుల మధ్య వున్న ఊరు అది. అక్కడివాళ్ళు గనిని "బాయి" అంటారు. "మా బాపు బాయి దిగిండు" అని ఎవరైనా అంటే నీళ్ళబావిలో దిగాడనుకునేరు! బొగ్గుగనిలోకి డ్యూటీకి వెళ్ళాడని దాని అర్థం.

మా అక్కావాళ్ళు ఆ ఊళ్ళోనే వుంటారు. బావకు గనిలో ఎలక్ట్రీషియను ఉద్యోగం. కొడుకు పాలిటెక్నిక్ చదువుతున్నాడు, 19 ఏళ్ళవాడు. కూతురు ఎనిమిదో తరగతి. బావ తండ్రి కూడా ఒకప్పుడు బాయి దిగినవాడే. ఆయన మొదట తట్టా చెమ్మస్ పట్టి బొగ్గు ఎత్తాడు. తరువాత చాలా ఏళ్ళు ల్యాంపురూములో పనిచేసి రిటైరయ్యాడు.

దసరా సెలవులకు నేను అక్కడికి వెళ్ళేసరికి గుమ్మంలోనే గొడవ ఎదురైంది.

"తమ్ముడూ, మంచి వేళకు వచ్చినవు. ముందు ఆ బండిని పాత ఇనుము కొట్టులో ఏసి రా. తరువాత కాళ్ళు కడుక్కుందువు!" అన్నది అక్క.

గోడకు ఆనించి ఒక సైకిలు వున్నది. అది మామూలు సైకిలు కాదు. వెనక చక్రం నడిమధ్య పళ్ళెమంత మోటారు, వెనక క్యారియరు మీద తాళ్ళతో కట్టిన బ్యాటరీ, హ్యాండిలుకు ఒక పిడి. పిడి తిప్పితే తొక్కకుండానే బండి పోతుంది. మా అల్లుడు పాత సైకిలు కొని, పరీక్షలకు ముందు మూడు నెలలు కష్టపడి తయారుచేసుకున్నాడు. ప్రస్తుతం దాని వెనక రిమ్ము అప్పడంలా వంగి వున్నది. వాడి మోచేతికి కట్టు వున్నది.

"ఏం జరిగింది, అల్లుడా?"

"కాలనీ చివర మట్టికుప్ప వున్నది గదా మామా, దాని మీంచి ఎగిరించిన. ఎగరంగనే ముందు చక్రం ఆకాశానికి లేచింది. వెనక చక్రం మీద పడ్డ."

"అంతటితో అయిందా? ఇప్పుడు ఓబీ గుట్ట మీంచి ఎగురుతడట!" అని చెల్లెలు అందించింది.

పిల్లలూ, ఓబీ గుట్ట అంటే ఏమిటో చెప్పాలి. ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు తీయటానికి ముందు దానిపైన వున్న మట్టినీ, రాతినీ తవ్వి డంపర్లతో దూరంగా పోస్తారు. ఆ పోసినదే కొండలా పెరుగుతుంది. చూడటానికి గుట్టే గాని, అది దేవుడు పెట్టిన గుట్ట కాదు. వదులుగా పోసిన మట్టి గనక ఎప్పుడు ఎక్కడ జారుతుందో తెలియదు. పైగా అక్కడ డంపర్లు తిరుగుతాయి, పేలుళ్ళు జరుగుతాయి. అందుకే బయటివాళ్ళు అక్కడికి పోకూడదు.

ఇంతవరకు మాట్లాడని తాత అప్పుడు నోరు విప్పాడు. "బండిని పారెయ్యొద్దు. గుట్ట ఎక్కనూ వద్దు. ముందు పోరడు ఎందుకు పడ్డడో చూడుండ్రి. బాయిల ఒక్కసారి పై రాయి పడ్డదంటే, ఎందుకు పడ్డదో తెలిసేదాక మళ్ళ లోపలికి పోనియ్యరు."

ఆ మాట నాకు నచ్చింది. ఆ సాయంత్రం ముగ్గురం బండి ముందు కూర్చున్నాము.

"మామా, మోటారు బలం చాలక పడ్డానా?" అని అడిగాడు అల్లుడు.

"లెక్క వేద్దాం," అన్నాను.

వాడి బ్యాటరీ 36 వోల్టులది, 10 ఆంపియర్-గంటలది. రెండూ గుణిస్తే 360 వాట్-గంటలు. ఒక వాట్-గంట అంటే 3,600 జౌళ్ళు. కాబట్టి నిండు బ్యాటరీలో 12,96,000 జౌళ్ళ శక్తి వున్నది. వాడూ బండీ కలిసి 90 కిలోలు. 90 కిలోలను ఒక మీటరు ఎత్తటానికి 882 జౌళ్ళు చాలు. అంటే, నష్టాలు లేవనుకుంటే, ఆ చిన్న పెట్టెలోని శక్తి వాణ్ణీ బండినీ 1,400 సార్లకు పైగా మీటరు ఎత్తుకు లేపగలదన్నమాట!

చెల్లెలు కళ్ళు పెద్దవి చేసింది. "అయితే శక్తి చాలానే వున్నది!"

శక్తి వున్నది గాని, అది ఎంత త్వరగా బయటికి వస్తుంది? కుండ నిండా నీళ్ళున్నా, కంత చిన్నదైతే సన్నగానే కారుతాయి. మోటారు 250 వాట్లది. అంటే సెకనుకు 250 జౌళ్ళు మాత్రమే ఇస్తుంది. ఎగిరే వాలును బండి దాటిపోవటానికి సెకనులో మూడో వంతు పడుతుంది. ఆ కాస్త సమయంలో మోటారు ఇవ్వగలిగేది 80 జౌళ్ళ చిల్లర. దానితో ఏమి ఎగురుతాం?

మరి ఎగిరేది దేనితో? వేగంతో! గంటకు 18 కిలోమీటర్లంటే సెకనుకు 5 మీటర్లు. ఆ వేగంలో 90 కిలోల బండికి 1,125 జౌళ్ళ చలనశక్తి వుంటుంది. దూరం నుంచి పరుగెత్తి వచ్చేటప్పుడు మోటారు కొద్దికొద్దిగా కూడబెట్టిన సొమ్ము అది. వాలు దగ్గర ఒక్కసారిగా ఖర్చవుతుంది. నేల వదిలిన క్షణం నుంచి మోటారు ఎంత తిరిగినా బండిని ఇంకొక్క అంగుళం కూడా ముందుకు నెట్టలేదు. చక్రం నెట్టేందుకు కింద నేల వుండాలి గదా!

"మరి ముందు చక్రం ఎందుకు లేచింది?" అన్నది చెల్లెలు.

"గాలిలో వున్నప్పుడు మీ అన్న పిడి వదిలాడేమో అడుగు."

వాడు తల వంచుకున్నాడు. "భయమేసి గట్టిగ తిప్పిన."

అదీ సంగతి! మోటారు చక్రాన్ని ముందుకు తిప్పుతుంటే, చక్రం మోటారును వెనక్కి తిప్పాలని చూస్తుంది. నేల మీద ఇది మనకు అంతగా తెలియదు. గాలిలో పట్టేవాళ్ళు ఎవరూ లేరు. కాబట్టి చక్రం ముందుకు తిరిగినకొద్దీ బండి మొత్తం వెనక్కి తిరుగుతుంది, ముక్కు పైకి లేస్తుంది. గాలిలో వెనక బ్రేకు పట్టితే దీనికి వ్యతిరేకంగా ముక్కు కిందికి వాలుతుంది. మోటారుసైకిళ్ళతో ఎగిరే పందెగాళ్ళు ఈ రెండింటితోనే గాలిలో బండిని సరిదిద్దుకుంటారు. వాళ్ళు సంవత్సరాలు నేర్చుకున్న విద్య అది.

ఇంకొక తప్పు కూడా వున్నది. మోటారు వెనకే, బ్యాటరీ వెనకే. బరువంతా తోకలో వుంటే ముక్కు లేవక ఏం చేస్తుంది? ఈ సంగతి తెలిసినవాడు 130 ఏళ్ళ కిందటే ఒకడు వున్నాడు. అమెరికాలో ఓగ్డెన్ బోల్టన్ అనే ఆయన 1895 డిసెంబరు 31న విద్యుత్ సైకిలుకు పేటెంటు పొందాడు. ఆ బొమ్మలో మోటారు వెనక చక్రం మధ్యనే వున్నది, అచ్చం మా అల్లుడి బండిలాగా. కాని బ్యాటరీని మాత్రం ఆయన చట్రం నడుమ, పై గొట్టం కింద వేలాడదీశాడు.

"అయితే నేను కొత్తగ కనిపెట్టింది ఏమీ లేదన్నమాట!" అన్నాడు అల్లుడు కొంచెం చిన్నబోయి.

"బరువు తగ్గటం కొత్త," అన్నాను. ఆ రోజుల్లో సీసపు బ్యాటరీలు. 360 వాట్-గంటలు కావాలంటే ఇప్పటి సీసపు బ్యాటరీ కూడా పది కిలోలకు పైగా తూగుతుంది. 1991లో బజారుకు వచ్చిన లిథియం-అయాన్ బ్యాటరీ ఆ పని రెండు మూడు కిలోలలో చేస్తుంది. దాని వెనుక వున్న ముగ్గురు శాస్త్రజ్ఞులకు, గుడెనఫ్, విటింగ్‌హామ్, యోషినో గార్లకు, 2019లో నోబెల్ బహుమానం వచ్చింది. ఒక్కో లిథియం గటానికి సుమారు 3.6 వోల్టులు. పదింటిని వరుసగా కలిపితే 36 వోల్టులు.

బ్యాటరీ మాట వినగానే తాత దగ్గరికి జరిగాడు. ఆయన జీవితమంతా బ్యాటరీలతోనే గడిచింది మరి! గనిలో ప్రతి కార్మికుడికి టోపీకి ఒక దీపం, నడుముకు దాని బ్యాటరీ వుంటాయి. వెనకటి సీసపు బ్యాటరీ మోయటమే ఒక పని. షిఫ్టుకు వచ్చినవాడు ల్యాంపురూములో తన నెంబరు దీపం తీసుకుంటాడు, పని అయ్యాక తిరిగి ఇచ్చేస్తాడు. ఇలాంటి విద్యుత్ టోపీదీపాన్ని అమెరికాలో 1914 ప్రాంతంలో ఎడిసన్ గనివాళ్ళ కోసమే తయారుచేశాడు. అంతకు ముందు దీపపు మంటకు గనిలోని మీథేన్ వాయువు అంటుకుని ఎందరో చనిపోయేవారు.

"దీపం మూతకు తాళం వుంటది. బాయిల దాన్ని ఇప్పుడు ఇప్పుతా అంటే కుదరదు. ఒక్క నిప్పురవ్వ చాలు," అన్నాడు తాత. "నేను ప్రతి దీపం చూసి ఇచ్చేది. తీగ చీలిందా, పెట్టె పగిలిందా, కారుతున్నదా అని. బిడ్డా, నీ బ్యాటరీ ఎన్నిసార్లు చూసినవు?"

అల్లుడు మాట్లాడలేదు. తాళ్ళు విప్పి చూస్తే బ్యాటరీ తీగ ఒకచోట క్యారియరు అంచుకు రాసుకుని పైతొడుగు సగం తెగి వున్నది. ఇంకో నాలుగు ఎగుళ్ళు ఎగిరితే లోపలి రాగి బయటపడేది. రెండు తీగలూ ఇనుమును తాకితే అంతా షార్టు! లిథియం బ్యాటరీ అంటుకుంటే మంట ఒక పట్టాన ఆరదు. అక్క కోపం అనవసరమైనది కాదని అప్పుడు మాకు అర్థమైంది.

మరునాడు పని మొదలుపెట్టాము. బావ డ్యూటీ నుంచి వచ్చి తీగలన్నీ మార్చాడు. బ్యాటరీని క్యారియరు మీంచి తీసి, చట్రం త్రికోణంలో అడుగున బిగించి, చుట్టూ రబ్బరు వేశాడు. బ్యాటరీకి దగ్గరగా ఒక ఫ్యూజు పెట్టాడు. బ్రేకు పట్టగానే మోటారు ఆగిపోయే స్విచ్చి అమర్చాడు. మోటారు ఇరుసు మెలిదిరిగి బయటికి రాకుండా ఒక ఉక్కు పట్టీని చట్రానికి కట్టాడు. ఇది చాలామంది మరిచిపోతారు. ఇరుసు ఒక్కసారి జారిందా, తీగలు తెగుతాయి, చక్రం ఊడుతుంది.

ఇక ఎక్కడ ఎగరాలి? తాతకు మంథని వైపు పత్తిచేను వున్నది. చేను చివర కొంత బీడు. అక్కడ మనదే నేల, అడ్డం వచ్చేవాళ్ళు లేరు.

"ఎగిరే దిబ్బ సంగతి తరువాత. ముందు దిగే దిబ్బ కట్టుండ్రి," అన్నాడు తాత.

ఎందుకో చూడండి. మీటరు ఎత్తునుంచి మనిషి చదును నేలమీద పడి 10 సెంటీమీటర్లలో ఆగిపోయాడనుకోండి. అప్పుడు శరీరం మీద పడే ఒత్తిడి సగటున అతని బరువుకు 11 రెట్లు! 60 కిలోలవాడికి 660 కిలోలన్నమాట. అదే మోకాళ్ళు వంచి, ముందు ఫోర్కులోని స్ప్రింగు నొక్కుకుని, 40 సెంటీమీటర్లలో ఆగితే మూడున్నర రెట్లు, అంటే 210 కిలోలు. మెల్లగా ఆగినవాడికి దెబ్బ తక్కువ.

ఇంతకంటే మంచి ఉపాయం వాలు. గాలిలో బండి పోయే దారి విల్లులా వంగుతుంది. 20 డిగ్రీల వాలున పైకి లేచిన బండి, అదే ఎత్తుకు దిగి వచ్చేసరికి 20 డిగ్రీల వాలున కిందికి దిగుతుంది. నేల కూడా అక్కడ 20 డిగ్రీలు వాలి వుంటే, చక్రం నేలను కొట్టదు. జారుకుంటూ నేలలో కలుస్తుంది. 1924లో ఇంగ్లండులోని కాంబర్లీ దగ్గర గుట్టలమీద మోటారుసైకిళ్ళ పందెం మొదలైనప్పటినుంచీ, 1970 ప్రాంతంలో అమెరికా పిల్లలు చిన్న సైకిళ్ళతో దాన్ని అనుకరించినప్పటినుంచీ, దిబ్బలు కట్టేవాళ్ళు నేర్చుకున్న పాఠం ఇదే.

పారలు, తట్టలు వచ్చాయి. తాత 70 దాటిన మనిషి. అయినా తట్ట నింపటం ఎలాగో ఆయనే మాకు చూపాడు. అర మీటరు ఎత్తున, 20 డిగ్రీల వాలుతో దిబ్బ కట్టి, నీళ్ళు చల్లి దిమ్మిసా కొట్టాము. ఎగిరే వాలుకూ దిగే వాలుకూ మధ్య ఖాళీ వదలకుండా మట్టితో నింపేశాము. బండి కాస్త ముందే పడినా గోతిలో పడదు.

చెల్లెలు నేలమీద 10 మీటర్లు కొలిచి రెండు గీతలు గీసింది. అన్న ఆ రెండింటి మధ్య దూరాన్ని 2 సెకన్లలో దాటితే సెకనుకు 5 మీటర్లన్నమాట. తరువాత కాగితం మీద లెక్క వేసి, "1 మీటరు 64 సెంటీమీటర్ల దూరం ఎగురుతడు!" అని ప్రకటించింది.

అల్లుడు హెల్మెటు పెట్టాడు. మోకాళ్ళకూ మోచేతులకూ దళసరి తొడుగులు వేశాడు. తాత తన ల్యాంపురూము పద్ధతిలో తీగ, పెట్టె, బిగింపులు, బ్రేకులు ఒక్కొక్కటే తడిమి చూసి, "పో" అన్నాడు. అక్క చెట్టుకింద నిలబడి వున్నది. ఆమె చేతులు కొంగును నలుపుతూనే వున్నాయి.

బండి చప్పుడు లేకుండా వచ్చింది. రెండు గీతలను సరిగ్గా 2 సెకన్లలో దాటింది. వాలు ఎక్కింది. గాలిలోకి లేచింది. వాడు ఈసారి పిడి వదిలేసి, మోకాళ్ళు వంచి నిలబడ్డాడు. మెత్తగా అవతలి వాలున దిగి ఆగాడు. అంతా కనురెప్పపాటు!

చెల్లెలు టేపుతో కొలిచింది. ఆమె ముఖం వాడిపోయింది. "ఒక్క మీటరే! నా లెక్క తప్పింది."

"నీ లెక్క తప్పలేదు, కోడలా. ఒకటి మరిచిపోయావు," అన్నాను. "గీత దగ్గర వేగం సెకనుకు 5 మీటర్లు. కాని బండి తరువాత అర మీటరు దిబ్బ ఎక్కింది గదా! ఆ ఎక్కటానికి సుంకం ఎవరు కట్టారు?"

ఆమె ఒక్క క్షణం ఆలోచించి, కాగితం లాక్కుని మళ్ళీ లెక్క వేసింది. 90 కిలోలు అర మీటరు ఎక్కటానికి 441 జౌళ్ళు ఖర్చు. 1,125లో అది పోతే మిగిలింది 684. అంటే దిబ్బ అంచున వేగం సెకనుకు 3.9 మీటర్లు మాత్రమే. ఆ వేగానికి దూరం దాదాపు సరిగ్గా ఒక మీటరు! ఆమె గంతు వేసింది. నిజానికి ఆ రోజు అందరికంటే ఎత్తు ఎగిరింది ఆమే.

"మామా, వేగం రెట్టింపు చేస్తే?" అన్నాడు అల్లుడు, ఆశగా.

"వేగం రెట్టింపైతే శక్తి నాలుగు రెట్లు. పడినప్పటి దెబ్బ కూడా ఆ లెక్కనే పెరుగుతుంది. అంత దిగే వాలు ముందు కట్టు, తరువాత అడుగు."

తాత నవ్వాడు. "ఎక్కుడు అందరికీ వస్తది. దిగుడు వచ్చినోడే బాయి నుంచి ఇంటికి వస్తడు."

ఇంటికి వచ్చాక అల్లుడు బ్యాటరీని చార్జింగుకు పెట్టి, పక్కనే పుస్తకం పట్టుకుని కూర్చున్నాడు. మనిషి లేకుండా చార్జి చేయకూడదన్నది కొత్త నియమం. ఆ కరెంటు ఎక్కడిదో తెలుసా? ఊరి పక్కనే 1978లో శంకుస్థాపన జరిగిన రామగుండం ఎన్.టి.పి.సి. విద్యుత్కేంద్రం వున్నది. దాని శక్తి 2,600 మెగావాట్లు. బొగ్గు కరెంటుతో ఈ బ్యాటరీ ఒకసారి నిండాలంటే పావుకిలో పైచిలుకు బొగ్గు కాలాలి. 2022 నుంచి అక్కడి జలాశయం మీద తేలే 100 మెగావాట్ల సూర్యఫలకాలు కూడా పనిచేస్తున్నాయి. కాబట్టి మా అల్లుడి ఎగుళ్ళలో తాతలు తవ్విన బొగ్గూ వున్నది, పొద్దుటి ఎండా వున్నది!

ఇంతకీ ఆ బండి పాత ఇనుము కొట్టుకు పోలేదు. "ఉండనియ్. గని తలకు టోపీ లేకుండ ఎక్కిననాడు నేనే తీసుకపోయి ఏస్తా," అన్నది అక్క.

పిల్లలూ, మోటారు సైకిలు కట్టటం మీ పని కాదు. పెద్దలూ, కరెంటు పని తెలిసినవాళ్ళూ దగ్గర వుండి చేయవలసిన పని. మన దేశంలో మోటారు 250 వాట్లకు లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్లకు లోపు, బ్యాటరీ కాక బరువు 60 కిలోలకు మించకుండా వున్న బండినే మోటారు వాహనంగా లెక్కించరు. అంతకు మించితే రోడ్డుమీదికి తేవటానికి రిజిస్ట్రేషను, లైసెన్సు కావాలి.

మీరు చేయదగిన ప్రయోగం ఒకటి చెబుతాను. బల్లమీద ఒక గాడి వున్న స్కేలును పుస్తకాలకు ఆనించి వాలుగా పెట్టండి. వాలు చివర, బల్ల అంచుకు ముందు, కొంచెం చదును వదలండి. కింద నేలమీద ముగ్గుపిండి చల్లండి. 5 సెంటీమీటర్ల ఎత్తునుంచి గోలీని వదిలి ఎక్కడ పడిందో కొలవండి. తరువాత 20 సెంటీమీటర్ల ఎత్తునుంచి వదలండి. ఎత్తు నాలుగు రెట్లయితే దూరం ఎన్ని రెట్లయింది? ఇప్పుడు గోలీ పడేచోట పలకను ఒకసారి చదునుగా, ఒకసారి అదే దిక్కుకు వాల్చి పెట్టి, చప్పుడు వినండి. తాత మాట ఎంత నిజమో ఆ గోలీయే మీకు చెబుతుంది.

మీ లెక్కలు నాకు రాయండి. లెక్క తప్పిందని దాచుకోకండి. ఎందుకు తప్పిందో తెలుసుకున్నవాడికి రెండు బహుమానాలు దక్కినట్టే.

ఇక వుంటాను.

మీ
మామయ్య